చూచినదానిని చూపుట

ప్రియ చదువరీ, నిన్న రాత్రి నిద్రించుటకు ముందు నీ చేతి ఫోనులో ఎన్ని వింతలు చూచితివో లెక్క చెప్పగలవా? ఇసుకలో సగము పూడిపోయిన రైలింజను ఒకటి. సముద్రపు అడుగున నాచు పట్టియున్న విమానము ఒకటి. తాతల నాటి గ్రామఫోను ఒకటి. మనుష్యులు లేని కార్ఖానాలో తుప్పు పట్టి నిలిచిన యంత్రముల వరుస ఒకటి. వాటిలో ఎన్నింటిని నీ స్నేహితులకు పంపితివి? నిన్ను నిందించుటకు అడుగుటలేదు. నేనును పంపువాడనే. పాత ఇనుము కంటబడినయెడల నా కాలు ముందుకు సాగదు. మా సంఘపు యౌవనస్థులు నాకు "పాత సామాన్ల అయ్యగారు" అని చాటున పేరు పెట్టియున్నారు. ఆ సంగతి మా ఇంటివారివలన నాకు తెలిసినది.

అయితే ఈ అలవాటును గూర్చి కొన్ని సంవత్సరములుగా నా మనస్సులో ఒక ప్రశ్న మెదలుచున్నది. వింతను చూచుట తప్పా? చూచినదానిని ఇతరులకు చూపుట తప్పా? తప్పు కానియెడల, ఆ చూపుటలో మనము ఎవరికైన ఏమైన అచ్చియుందుమా? వేదాంత పాఠశాలలో చదివిన దినములలోనైతే ఇట్టి ప్రశ్నకు ఒక పుటలో జవాబు వ్రాసి మార్కులు తెచ్చుకొనియుందును. ఇప్పుడు అంత సులభముగా తోచుటలేదు. నాలో ఈ ప్రశ్న పుట్టించినది పుస్తకము కాదు, ఒక రైలింజను బొమ్మ.

శ్రీకాకుళము జిల్లాలో నౌపడ స్టేషనును నీవెరుగుదువు. ఉప్పు మడులకు పేరుపొందిన చోటు. అక్కడనుండి 1900వ సంవత్సరమున పర్లాకిమిడి రాజావారు తమ ఊరికి ఒక చిన్న రైలు మార్గము వేయించిరి. పట్టాల నడుమ ఎడము రెండు అడుగుల ఆరు అంగుళములు మాత్రమే. పెద్ద లైనుకు అయిదు అడుగుల ఆరు అంగుళములు ఉండునని తలంచుకొనినయెడల, ఇది ఎంత చిన్నదో తెలియును. టెక్కలి, టెంబూరు, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి సుమారు 40 కిలోమీటర్లు. తరువాత 1931 నాటికి ఆ మార్గము గుణుపురమువరకు సాగి 90 కిలోమీటర్లాయెను. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరినది. పాతపట్నము ఇటు నిలిచినది. చిన్న బండి మాత్రము ఎవరిని అడుగకయే రెండు వైపుల నడుచుచుండెను. వెడల్పు పట్టాలు వేయు నిమిత్తము 2004లో దానిని నిలిపివేసిరి. 2011 నాటికి గుణుపురమువరకు పెద్ద బండ్లు నడువసాగెను. నేను యౌవనస్థుడనైయుండగా పాతపట్నము వైపు కూటములకు ఆ చిన్న బండిలో పోయియున్నాను. ఎత్తు చోటున అది ఎంత మెల్లగా నడిచెననగా, కుర్రవాండ్రు దిగి, గట్టు ప్రక్కన నడిచి, తిరిగి ఎక్కుచుండిరి.

మూడేండ్ల క్రిందట ఎవరో నాకు ఒక చిత్రము పంపిరి. పొగ చిమ్ముచున్న చిన్న ఇంజను, వెనుక మూడు పెట్టెలు. క్రింద, "మన పర్లాకిమిడి బండి, నూరేండ్లనాటి అపురూప చిత్రము" అని వ్రాసియున్నది. నా హృదయము ఉప్పొంగెను. ఒక్క నిమిషమైనను ఆలోచింపక దానిని సంఘపు వాట్సాప్ గుంపులో వేసితిని. అంతటితో ఆగక పొరుగు సంఘముల కాపరులకును పంపితిని. సాయంకాలమునకు చేతులు జోడించిన గుర్తులును, చప్పట్ల గుర్తులును కుప్పలుగా వచ్చెను. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టినదని ఒప్పుకొనవలెను.

ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత, రైల్వేలో గ్యాంగ్‌మేన్‌గా పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరు నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మీరెట్టిన బొమ్మ సూసినానండి. అది మన బండి కాదండి" అనెను.

"ఎట్లు చెప్పగలరు పెద్దాయనా?" అంటిని.

"ఎనకాల కొండ మీద మంచుంది గదండి. పాతపట్నం కాడ మంచెప్పుడు పడినాది?"

చుట్టునున్నవారు నవ్విరి. నేనును నవ్వితిని. ఆయన మాత్రము నవ్వలేదు. జనము చెదరిపోయిన పిమ్మట మెల్లగా, "నాను ఆ లైను మీద ముప్పై ఏళ్లు నడిసినానండి. ఎండకి పట్టా కాలిపోతాది, వానకి గట్టు జారిపోతాది. అందరూ ఆ బొమ్మ సూసి బాగుందన్నారు. మా లైను సూసినోరు ఒక్కరూ నేరు" అనెను.

ప్రియ చదువరీ, పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞను నేను ఎన్నిమారులు బోధించితినో నాకే తెలియదు. కోర్టు మెట్లు, పంచాయతీ అరుగులు, పొలము గట్టు తగాదాలు: ఇవియే ఆ ఆజ్ఞకు నేను చూపిన ఉదాహరణములు. ఒక రైలింజను బొమ్మ ఆ ఆజ్ఞక్రిందికి వచ్చునని నా స్వప్నములోనైన తోచలేదు. నేను ఎవరి సొమ్మును తీసికొనలేదు, ఎవరి పేరును చెరుపలేదు. అయినను ఒక మనుష్యుడు ముప్పది ఏండ్లు సుత్తె మోసి, పట్టాల బిగింపులు చూచుచు నడచిన చోటున, ఏ దేశములోనో ఏ మంచుకొండక్రిందనో ఉన్న మరియొకదానిని నిలువబెట్టి, "ఇదే నీది" అని నలుగురికి చాటితిని. అతని బ్రదుకు బొమ్మను తీసివేసి మరియొకరి బ్రదుకు బొమ్మను తగిలించితిని. అందరు మెచ్చుకొనిరి, అతడొక్కడే ఒంటరియాయెను.

పూర్వపు వేదాంత పండితులలో కొందరు ఈ వింత చూచు అలవాటును మొదటనే త్రుంచివేయవలెనని తలంచిరి. ఉత్తర ఆఫ్రికాలో అధ్యక్షుడైయుండిన ఆగస్టీను తన ఒప్పుకోలు గ్రంథము పదవ భాగములో దీనిని కన్నుల ఆశయని పేర్కొనియున్నాడు. పందెపు మైదానమునకు పోయి కుక్క కుందేలును తరుముట చూచు అలవాటు తనకు పోయినదట; గాని పొలములో అదే కంటబడినయెడల మనస్సు అటు పరుగెత్తుచునేయున్నదట. ఇంటిలో కూర్చుండియుండగా బల్లి ఈగను పట్టుట, సాలెపురుగు తన గూటిలో చిక్కినదానిని చుట్టివేయుట ఆయన దృష్టిని లాగివేయుచుండెనట. వెంటనే సృష్టికర్తను స్తుతించుటకు మరలెదను గాని, చూడ మొదలుపెట్టినది స్తుతించుటకు కాదు గదా అని ఆయన దుఃఖపడెను. ఆ నిజాయితీ నాకు మిక్కిలి ఇష్టము. అయితే బల్లి విషయములో ఆ పరిశుద్ధునితో నేను పూర్తిగా ఏకీభవింపజాలను. పదునారు వందల ఏండ్ల తరువాత శ్రీకాకుళము సీమలో కూర్చుండి నేను ఆయన ఇంటి బల్లిని చూచుచున్నాననగా, ఆయన దానిని చూచి, మనకు చూపినందువలననే గదా!

కాబట్టి చూచుటలో దోషము లేదందును. చిన్నబిడ్డను చూడుము. పెరటిలో ఆరుద్ర పురుగు దొరికినయెడల అరచేతిలో పెట్టుకొని తల్లియొద్దకు పరుగెత్తును. చేయి చాచిన తరువాత అది పురుగును చూడదు, తల్లి ముఖమును చూచును. చూపుటలోని సంతోషమంతయు అక్కడనే యున్నది. మనము చేయి చాచుచున్నాము గాని ఎవరి ముఖమును చూచుటలేదు. ఎన్ని చప్పట్లు వచ్చినవో లెక్కించుచున్నాము.

ఆ ఆదివారపు సాయంకాలము నేను అపొస్తలుల కార్యములు పదునేడవ అధ్యాయము తెరచితిని. క్రొత్త సంగతి ఏదో ఒకటి చెప్పుటయందును వినుటయందును తప్ప మరిదేనియందును కాలము గడపని ఏథెన్సు వారిని గూర్చి లూకా అక్కడ వ్రాసియున్నాడు. ఇదివరకు ఆ మాట చదివినప్పుడెల్ల ఏథెన్సు వారిని చూచి నవ్వుకొనియున్నాను. ఈసారి నవ్వు రాలేదు. అయితే మరియొకటి కంటబడెను. అదే పట్టణములో పౌలు కూడ తిరుగుచు చూచెను. అతడును పరదేశియే, అతనికిని అన్నియు క్రొత్తవే. గాని ఒక బలిపీఠముయొద్ద నిలిచి, దానిమీద ఏమి వ్రాసియున్నదో చదివెను. చదివిన పిమ్మటనే నోరు తెరచెను. ఏథెన్సు వారి చూపునకును పౌలు చూపునకును భేదము అంతమాత్రమే. ఒకడు నిలిచి చదివెను.

చిత్రమేమనగా అదే ఏథెన్సులో, మన కాలమునకు సమీపముగా, దీనికి సరియైన మరియొక సంగతి జరిగినది. 1901లో గ్రీకు దేశపు ఆంటికితెరా దీవియొద్ద, స్పాంజీల కొరకు మునుగు పనివారు ఒక పురాతనపు మునిగిన ఓడనుండి శిల్పములను, పాత్రలను పైకి తీసిరి. వాటితోకూడ పచ్చగా చిలుము పట్టిన కంచు ముద్ద ఒకటి వచ్చినది. శిల్పములు అందరి కన్నులను ఆకర్షించెను. ముద్దను ఏథెన్సు మ్యూజియములో ఒక ప్రక్కన పెట్టిరి. అది పగిలి, 1902లో లోపల పళ్లచక్రము కనబడినప్పుడు గాని అది యంత్రమని ఎవరికిని తోచలేదు. అటుతరువాత కూడ ఏండ్లు గడచెను. డెరెక్ ప్రైస్ అను పండితుడు 1950ల మొదలుకొని దానిని పరిశోధించి 1974లో తన గ్రంథము ప్రకటించెను. 2005లో పెద్ద ఎక్స్‌రే యంత్రమును మ్యూజియమునకే తెచ్చి లోపలిభాగములను చూచిరి. 30 పళ్లచక్రములు మిగిలియున్నవి. సూర్యచంద్రుల గమనమును, గ్రహణములను ముందుగా లెక్కకట్టుటకు రెండువేల ఏండ్ల క్రిందట ఎవరో చేసిన పరికరమది. దానిమీద అతి చిన్న అక్షరములతో వివరము కూడ వ్రాసియుండెను. చదువుటకు సుమారు నూరేండ్లు పట్టినది.

అంత దూరము పోనక్కరలేదు. విజయనగరము విశాఖపట్నము జిల్లాలోనే యుండిన ఆ దినములలో, విశాఖపట్నమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో స్వంత ఖర్చుతో ఒక నక్షత్రశాల స్థాపించిరి. ఆయన తరువాత దానిని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు నడిపిరి. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యబింబము మీదుగా దాటినప్పుడు ఆయన దుర్భిణి యొద్ద కూర్చుండి ఆ వింతను చూచెను. చూచి, "అబ్బా, ఎంత బాగున్నది" అని ఊరుకొనలేదు. గడియలు, నిమిషములు వ్రాసిపెట్టి, లండనులోని ఖగోళ శాస్త్రజ్ఞుల సంఘమునకు తెలియజేసెను. తాను ఎక్కడనుండి, ఏ పరికరముతో, ఏ సమయమున చూచెనో చెప్పి చూపినవాడు ఆయన. ఆ నక్షత్రశాల నేడు పనిచేయుటలేదు. ఆయన వ్రాసిన అంకెలు మాత్రము నేటికిని చదువువారికి దొరకుచున్నవి.

ఆ విశాఖలోనే రామకృష్ణ బీచి యొద్ద కుర్సురా జలాంతర్గామి ఒడ్డున నిలిచియున్నది. 1969లో నౌకాదళములో చేరి, 2001లో సేవ ముగించి, మరుసటి సంవత్సరము ప్రదర్శనశాలయైనది. మా ఆదివారపు పాఠశాల పిల్లలను ఒకసారి అక్కడికి తీసికొనిపోయితిని. సుమారు 91 మీటర్ల పొడవు గలదైనను లోపల ఇద్దరు ఎదురుపడినయెడల ఒకరు ప్రక్కకు ఒదుగవలసినదే. పిల్లలకు టార్పెడోలు నచ్చినవి. నాకు నచ్చినది వేరు. అక్కడ త్రోవ చూపువారు నౌకాదళములో పనిచేసి విరమించినవారే. ఒకాయన పడక చూపి, ఒకడు లేచి పోగానే ఆ పడకలో మరియొకడు పండుకొనువాడని చెప్పెను; చెప్పుచు ఆ ఇనుప చట్రముమీద చేయి వేసి నిలిచెను. యంత్రము ప్రక్కన దానిని ఎరిగిన మనుష్యుడు ఉన్నంతవరకు అది పాత ఇనుము కాదు.

ఇంతవరకు చదివి నీవనవచ్చును: "అయ్యగారూ, ఒక బొమ్మ పంపుటకు ఇంత విచారణయా? చూచి, నవ్వుకొని, మరచిపోవుటకే గదా!" నీ మాటలో న్యాయము లేకపోలేదు. ప్రతి బొమ్మకు అఫిడవిట్టు తెమ్మని నేను అనను. అట్లు చేసినయెడల లోకములో సంతోషము సగము తగ్గిపోవును, ముందుగా నాదే తగ్గును. గాని ఇప్పుడు చెప్పబోవు సంగతి విని, నీకే తోచినట్లు తీర్పు తీర్చుము.

మన ఉత్తరాంధ్రలో గోగునార, జనపనార పండును గనుక జూట్ మిల్లులు వెలసినవి. వాటిలో ఒకటి చాలకాలము క్రిందట మూతబడినది. దాని పేరు చెప్పను. మా సంఘములో ఇంజనీరింగు చదువుచున్న చిన్నవాడు ఒకడు, పడిపోయిన ప్రహరీ సందునుండి లోపలికి దూరి చిత్రములు తీసికొనివచ్చెను. వాటిలో ఒకటి నిజముగా అద్భుతమైనది. కప్పు రేకు ఊడిన చోటున ఎండ ఏటవాలుగా పడుచున్నది. గోడనుండి తీగ ప్రాకి మగ్గమును చుట్టుకొనియున్నది. వరుసగా మగ్గములు చీకటిలోనికి పోవుచున్నవి. ఈసారి బొమ్మ మన ప్రాంతముదే, మంచుకొండలు లేవు, తీసినవాడు నాకు తెలిసినవాడే. కాబట్టి నిర్భయముగా, "కాలము మ్రింగిన మగ్గములు" అని పేరు పెట్టి గుంపులో వేసితిని. ఆ పేరును గూర్చి కొంచెము గర్వపడితిని కూడ.

ఆ వారము ఒక గృహకూడికలో ప్రార్థన ముగిసినప్పుడు ఒక విధవరాలు నా ప్రక్కకు వచ్చి కూర్చుండెను. ఆమెకు అట్టి ఫోను లేదు. పొరుగింటి పిల్ల చూపినదట.

"అయ్యగారూ, ఆ బొమ్మలో మగ్గానికి నెంబరు కనిపిస్తాదా?" అని అడిగెను.

ఆమె భర్త ఆ మిల్లులో నేతపని చేసినవాడు. ఆ సంగతి నాకు తెలియును. ఆయన సమాధి కార్యక్రమము జరిగించినవాడను నేనే. బొమ్మ పంపునప్పుడు మాత్రము జ్ఞాపకము రాలేదు. ఆ సాయంకాలము ఆమె చాలసేపు మాటలాడెను. నారమీద నూనెయు నీళ్లును చల్లి మెత్తబరచుదురు గనుక ఆ వాసన ఆయన చొక్కానుండి ఎంత ఉతికినను పోయెడిది కాదట. మగ్గముల మ్రోత వలన చెవులు మందగించి, ఇంటిలో మెల్లగా మాటలాడుట మరచిపోయిరట. మిల్లు కూత కూసినప్పుడే ఊరివారు పొయ్యి వెలిగించుకొనువారట. ఒక ఉదయమున గేటుకు నోటీసు అంటించిరి. రావలసిన సొమ్ము కొంత వచ్చెను, కొంత రాలేదు. తరువాత కూడ కొన్ని నెలలపాటు ఆయన షిఫ్టు వేళకు క్యారేజీ పట్టుకొని గేటువరకు పోయి, చెట్టుక్రింద కూర్చుండి, అన్నము తిని, తిరిగి వచ్చువాడట. "వొద్దననేదండి నాను. కట్టి ఇచ్చినాను" అని ఆమె చెప్పెను.

నేను నిందాపూర్వకమైన మాట ఏదైన ఆమె నోట వచ్చునని ఎదురుచూచితిని. రాలేదు. బొమ్మ బాగుందనియే ఆమె కూడ అన్నది. ఎండ పడుట చూచి, "మద్దినేళ అలాగే పడతాదని మాయన సెప్పీవోడు" అన్నది. ఆమెకు కావలసినది ఒక అంకె. నేను కాలమనియు మ్రింగుటయనియు పెద్ద మాటలు వ్రాసితిని. మగ్గముమీద వ్రాసియున్నదానిని చదువలేదు.

మరునాడు ఆ చిన్నవాని పిలిపించితిని. మరల లోపలికి పోవుటకు వీలులేకపోయెను. ప్రహరీ సందు పూడ్చివేసిరి. అసలు చిత్రమును స్టూడియోలో పెద్దది చేయించితిమి. తుప్పులో ఒక రేకుమీద రెండంకెలు స్పష్టముగా, మూడవది సగము కనబడెను. ఆమె చెప్పిన నెంబరుకు సరిపోవునట్లే తోచెను. దానిని చూపగా ఆమె వ్రేలితో తడవి, హైదరాబాదులో భవనముల పనిలోనున్న కుమారునికి పంపుమని కోరెను. "కింద ఏటి రాయాలో మీరే రాయండయ్యగారూ" అన్నది. నేను పాత పేరు తీసివేసి, ఆయన పేరు, మగ్గము నెంబరు, పనిచేసిన సంవత్సరములు వ్రాసి కుమారునికి పంపితిని. ఆమె అనుమతితో గుంపులోను, మొదట ఎవరెవరికి పంపితినో వారికిని పంపితిని. గ్యాంగ్‌మేన్ పెద్దాయన దానిని చూచి ఏ గుర్తును పెట్టలేదు; ఆదివారమున ఆమె ఇంటికి పోయి పలకరించి వచ్చెనని తరువాత వింటిని.

రాత్రి పది గంటలు దాటిన తరువాత కుమారునియొద్దనుండి జవాబు వచ్చినది. "అయ్యగారూ, వందనాలు. నాన్న మగ్గం అది కాదండి, దాని పక్కది. చిన్నప్పుడు క్యారేజీ పట్టుకెళ్లి చాలాసార్లు చూశాను. అమ్మకు నెంబరు సరిగ్గా గుర్తు లేదు. అమ్మతో చెప్పొద్దు."

చెప్పకుండుట ఎట్లో నాకు తోచలేదు. రెండు దినములు ప్రార్థించి, ఆ చిన్నవానితో ఫోనులో మాటలాడి, అతడు ఒప్పుకొనిన తరువాత ఆమెకు చెప్పితిని. ఆమె ఏమియు నొచ్చుకొనలేదు. "వాడే ఎక్కువ సూసినాడు" అన్నది. ఆ దిద్దుబాటు చేర్చి అందరికిని మరల పంపితిని. ఆ ప్రక్క మగ్గము చిత్రపు అంచున సగమే కనబడుచున్నది.